బొగ్గుకు బంకరు, వడ్లకు నడిరోడ్డు

గోదావరిఖని గని నుంచి రామగుండం కరెంటు ప్లాంటు పొయ్యి దాకా బొగ్గు ఎట్లా పోతుందో చూసినవాళ్లు మన పాఠకుల్లో చాలామంది ఉంటారు. గని దగ్గర ఎత్తయిన బంకరు ఉంటుంది. దాని కిందికి రైలు వచ్చి నిలబడుతుంది. బంకరు నోరు తెరుస్తారు, వ్యాగన్ నిండుతుంది. ప్లాంటు చేరాక పట్టాల కింద కట్టిన పెద్ద తొట్టి మీద వ్యాగన్ల అడుగు తలుపులు తెరుచుకుంటాయి, బొగ్గు తనంతట తానే జారిపోతుంది. అక్కడి నుంచి రబ్బరు బెల్టు మీద నడిచి, మరకు చేరి, నలిగి, బాయిలర్ బంకర్లో పడుతుంది. రైలు తిరిగి గనికి పోతుంది. గానుగ ఎద్దులాగ ఆ రైలు ఒకే చుట్టు తిరుగుతుంది. ఇంత దూరంలో ఎక్కడా ఆ బొగ్గు మనిషి భుజం ఎక్కదు.

అదే జిల్లాలో, ఆ పొగగొట్టాలు కనబడేంత దూరంలోనే, ఒక ఊళ్లో యాసంగి వడ్లు ఎట్లా పోతున్నాయో మేము చూశాము. కోత మిషన్ పొలం గట్టున ట్రాక్టర్‌లో పోసింది. ట్రాక్టర్ తెచ్చి తారురోడ్డు మీద కుప్ప చేసింది. ఆడవాళ్లు నెరిపారు, కాళ్లతో కలియదిప్పారు, సాయంత్రం కుప్ప చేశారు, పరదా కప్పారు, పొద్దున మళ్లీ విప్పారు. ఇట్లా తొమ్మిది రోజులు. ఆ తర్వాత తూర్పారబట్టి, సంచుల్లోకెత్తి, కాంటా పెట్టి, కుట్టి, హమాలీ నెత్తిన పెట్టుకొని లారీకెక్కించాడు. మిల్లు దగ్గర ఇంకో హమాలీ దించి నెట్టు కట్టాడు. బియ్యమయ్యాక మళ్లీ సంచి, మళ్లీ నెత్తి, మళ్లీ లారీ, గోదాములో మళ్లీ నెట్టు. రేషన్ దుకాణం చేరేలోపల ఆ గింజ ఎన్ని మెడలు వంచిందో లెక్కపెట్టబోయి మేము మధ్యలో మానుకున్నాము.

బొగ్గును ఎట్లా పోయాలో, ఎట్లా నిలవ చేయాలో, ఎట్లా జార్చాలో లెక్కలు కట్టిన ఇంజనీరింగు ఈ గడ్డ మీద నలభై ఏళ్లకు పైగా నడుస్తోంది. రామగుండం మొదటి యూనిట్ 1983లో వచ్చింది, ఆ తర్వాత ఆ ప్లాంటు 2,600 మెగావాట్లకు పెరిగింది. బసంత్‌నగర్, దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీల్లో సిమెంటు పొడి సైలోల్లో నిలబడుతోంది. ఎరువుల ఫ్యాక్టరీ 1980లో బొగ్గుతో మొదలై, 1999లో మూతబడి, 2021లో గ్యాసుతో మళ్లీ నడిచింది. ఆ యూరియా కూడా బెల్టు మీద నడిచేదే. అంటే విద్య తెలియక కాదు. ఆ విద్య వడ్ల దగ్గరికి రాలేదు, అంతే.

అసలు ఈ విద్య మనవాళ్లకు కొత్తది కూడా కాదు.

మంథని తొవ్వలో ఒక ఇంట్లో మాకు పాత గుమ్మి కనబడింది. వెదురు బద్దలతో అల్లినది. లోపలా బయటా ఎర్రమట్టీ పేడా కలిపి మెత్తిన పూత. నాలుగు బండల మీద మొద్దులు పరచి దానిపై నిలబెట్టారు. అడుగున చెయ్యి పట్టేంత చిన్న కంత, దానికి గుడ్డపేలికల బిరడా. ఇప్పుడందులో గింజల్లేవు, పాత సంచులూ తెగిన పలుపుతాళ్లూ ఉన్నాయి. ఇంటి ముసలమ్మ, “వానకాలానికి ముందు గింజలు ఎండబోసి, యాపాకు కలిపి పోద్దుము. మీద మట్టితోటి మూత మెత్తుదుము. పుసుకున తియ్యకపోదుము” అన్నది. “ఎట్ల పడితె అట్ల అల్లితె పగులుతదా అమ్మా?” అని అడిగితే నవ్వింది. “నడుమ పగలది. అడుగుకు మూరెడు మీద పగులుతది. ఆడ బద్ద దగ్గర దగ్గర అల్లాలె.”

ఆమె చెప్పిన ముచ్చటనే 1895లో జర్మనీలో జాన్సెన్ అనే ఇంజనీరు సూత్రంగా రాశాడు. నిలువు పెట్టెల్లో ధాన్యం పోసి అడుగు మీద ఎంత బరువు పడుతోందో తూచి చూశాడు. బావిలో నీళ్లకు లోతు పెరిగిన కొద్దీ ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. గింజలు అట్లా కాదు. గింజకూ గోడకూ రాపిడి ఉంది. పైనున్న గింజల బరువులో కొంత గోడ పట్టుకుంటుంది. కొంత లోతు దాటాక ఎంత ఎత్తు పోసినా అడుగు మీదా పక్కలకూ ఒత్తిడి పెద్దగా పెరగదు. పట్టుకున్న ఆ బరువంతా గోడ తన నెత్తిన మోస్తుంది కాబట్టి గోడ కింద పునాది గట్టిగా ఉండాలి. ముసలమ్మ గుమ్మి కింద బండలు పెట్టింది ఎలుకలకు భయపడి మాత్రమే కాదన్నమాట. ఈనాటి సైలోలన్నీ, మన దేశంలో 1974లో వచ్చిన బిన్‌ల ప్రమాణం కూడా, ఆ జాన్సెన్ లెక్క మీదనే నిలబడ్డాయి.

ఇంకో సంగతి ఉంది. గింజలు నిలవ ఉన్నప్పటి కంటే జారుతున్నప్పుడు గోడ మీద ఒత్తిడి ఎక్కువ. ఒక పక్క నుంచే తీస్తే ఒకవైపు లాగి, ఉక్కు సైలో కూడా డొక్కుపోయి కూలుతుంది. గుమ్మికి కంత చిన్నగా పెట్టి, రోజుకు మానెడో కుంచెడో తీసుకోవటంలో ఆ జాగ్రత్త కూడా ఉంది. జారే గింజల్లో మనిషి దిగితే ఊబిలో దిగినట్టే. మోకాలు దాకా మునిగితే తనంతట తాను బయటపడటం కష్టం, నడుము దాకా మునిగితే పక్కవాడు లాగినా రాడు. సైలోల్లో పనిచేసే దేశాల్లో కూలీల చావులకు ఇదొక పెద్ద కారణం. మన బంకర్లలో తడిబొగ్గు గూడు కట్టి కిందికి జారకపోతే గడ్డపారలతో పొడవటానికి దింపేది కాంట్రాక్టు కూలీని. ఆ గూడు ఒక్కసారి కూలితే మనిషి దానితోపాటు పోతాడు. తాడు కట్టకుండా, కింది గేటు మూసి తాళం వేయకుండా ఎవరు దిగమన్నా దిగవద్దు. పెద్ద సారు చెప్పినా సరే.

పాతర సంగతి కూడా చెప్పుకోవాలె. జొన్నలు పండిన రోజుల్లో నీటి ఊట లేని ఎత్తు తావు చూసి గుంట తవ్వి, గడ్డి పరచి, జొన్నలు నింపి, మీద మట్టి కప్పేవాళ్లు. లోపలి గాలిని గింజా పురుగూ కలిసి పీల్చేస్తే ఇక పురుగు బతకదు. మందు లేకుండా మందు పని. అయితే ఆ గాలే మనిషికి మృత్యువు. పాతర మూత తీసిన వెంటనే దిగి పోయిన ప్రాణాలున్నాయి కనుకనే, తీసి చాలాసేపు ఆరనిచ్చి దిగాలనే కట్టుబాటు వచ్చింది. పోచంపాడు కాలువ వచ్చింది, ఊట పైకి వచ్చింది, జొన్న పోయి వరి వచ్చింది. పాతరకు తావు లేకపోయింది. దానికి మేము కన్నీళ్లు పెట్టుకోము. కాలువ వచ్చినందుకు సంతోషించాలె.

పాత కాలమంతా బంగారమని చెప్పటం కూడా మా ఉద్దేశం కాదు. గుమ్ములు అందరి ఇళ్లల్లో ఒకే తీరు లేవు. గడీలో గరిసెలు నిండి ఉంటే, కైకిలికి పోయే ఇంట్లో రెండు కుండలు బోర్లించి ఉండేవి. జ్యేష్ఠ మాసంలో ఆ గరిసె ముందు గంప పట్టుకొని నిలబడాలె. నాగుకు ఇచ్చిన పుట్టి వడ్లకు పంటనాడు పుట్టిన్నర కొలవాలె. గింజను ఆరు నెలలు దాచగలిగినవాడు దొర. దాచలేనివాడు కల్లంలోనే అప్పు తీర్చి, చేతులు దులుపుకొని, మళ్లీ ఆ గరిసె దగ్గరికే పోయేవాడు. అందుకని మేము నిలవ సంగతిని మేస్త్రీల ముచ్చటగా చూడము. ఆనాటి గరిసెకూ ఈనాటి గోదాముకూ అడగవలసిన ప్రశ్న ఒకటే. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ఇప్పటి లెక్క చూద్దాం. ఆరడుగుల అడ్డం, ఆరడుగుల ఎత్తు ఉన్న గుమ్మిలో సుమారు 28 క్వింటాళ్ల వడ్లు పడతాయి. బాగా పండిన ఎకరం వడ్లు ఇంచుమించు అంతే. అంటే ఎకరానికో గుమ్మి. మూడెకరాల రైతుకు మూడు గుమ్ములు. కౌలు రైతుకైతే గుమ్మి పెట్టుకోవటానికి చోటు కూడా లేదు. పోనీ, దాచుదామన్నా వడ్లు దాచేటట్టు రావటం లేదు. వెనుక కొడవళ్లతో కోసి, మెద మీద ఎండనిచ్చి, కుప్పవేసి, తీరిక దొరికినప్పుడు కొట్టేవాళ్లు. గింజ గడ్డి మీదనే ఎండేది. మిషన్ వచ్చినాక నిలబడ్డ చేనును పచ్చిగానే కోసి గంటలో గింజ చేతికిస్తోంది. నూటికి ఇరవై, ఒక్కోసారి అంతకు మించి తేమ. మండలం మొత్తం రెండు మూడు వారాల్లో కోతలైపోతాయి. కోతకు మిషన్ తెచ్చినవాళ్లు ఆరబెట్టే మిషన్ ఎందుకు తేలేదు? కోత మిషన్‌కు గంటకింత అని కిరాయి వస్తుంది. ఆరబెట్టే కష్టం రైతు ఇంటి ఆడమనిషి కూలి లేకుండా చేస్తుంది. ఇంతకు మించిన కారణం మాకు కనబడలేదు.

కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాటితే తీసుకోరు. 20 శాతం తేమ ఉన్న క్వింటాలు వడ్లను 17కు దింపితే మూడు కిలోల ఆరు వందల గ్రాముల నీళ్లు పోతాయి. అది న్యాయమైన తగ్గుదల, రైతు తన ఎండలో తానే భరించాడు. ఆ తర్వాత కూడా సంచికింత అని తరుగు తీస్తే దానికి ఏ శాస్త్రమూ లేదు. నలభై కిలోల సంచి మీద ఒక కిలో అదనంగా పోతే క్వింటాలుకు రెండున్నర కిలోలు. మన సంఘాల కార్యకర్తలు కాంటా దగ్గర ఈ రెండు లెక్కలూ విడివిడిగా నోట్లో ఉంచుకోవాలె. తేమ వేరు, తరుగు వేరు. రెండింటినీ కలిపి మాట్లాడటంలోనే మోసం నడుస్తుంది.

తడి వడ్లు కుప్పగా ఉంటే ఏమవుతుంది? కుప్ప లోపలికి చెయ్యి పెట్టి చూడండి, సురుక్కుమంటుంది. గింజ బతికే ఉంది. అది గాలి పీలుస్తుంది, వేడి వదులుతుంది. వేడి బయటికి పోయే దారి లేకపోతే గింజ పచ్చబడి, ముక్కిపోయి, మొలకెత్తుతుంది. బొగ్గు కుప్ప కూడా ఇదే గుణం. గాలి తగిలి లోలోపల వేడెక్కి తనంతట తానే అంటుకుంటుంది. అందుకే ప్లాంటులో బొగ్గు కుప్పను పొరలు పొరలుగా పోసి, రోలరు తొక్కించి, నీళ్లు చల్లి కాపాడతారు. కుప్ప కాపలాకు జీతాలున్న మనుషులున్నారు. 2023 ఏప్రిల్ చివర కరీంనగర్ పల్లెల్లో వడగళ్ల వాన కొట్టినప్పుడు కేంద్రాల ముందు వడ్లు కాలువల్లోకి కొట్టుకుపోయాయి. ఆ కుప్పకు కాపలా రైతూ, రైతు భార్యా, ఒక చిరిగిన పరదా.

కొన్న తర్వాత కూడా కష్టం తీరదు. సర్కారు కొన్న వడ్లు సర్కారు గోదాముకు పోవు, మిల్లుకు పోతాయి. క్వింటాలుకు 67 కిలోల బియ్యం, ఉప్పుడు అయితే 68, మిల్లరు తిరిగి ఇవ్వాలె. అప్పటిదాకా సుల్తానాబాద్, పెద్దపల్లి, కరీంనగర్ మిల్లుల ఆవరణల్లో నెట్లు ఆకాశం కింద నిలబడతాయి. 2022 జులై వానల్లో అట్లా నిలబడ్డ సంచుల్లోనే మొలకలు వచ్చాయి. 1965లో ఆహార సంస్థ వచ్చింది. అంతకు ముందే, 1958లో మన రాష్ట్రంలో గిడ్డంగుల సంస్థ వచ్చింది. అవి కట్టిన గోదాముల్లో ఎక్కువ భాగం బియ్యానికీ ఎరువులకూ. వడ్లు బియ్యం కంటే చోటు ఎక్కువ అడుగుతాయి, కనుక వడ్లను ఎవరూ లోపలికి రానివ్వరు. గోదాముల్లో గింజ కుళ్లుతుంటే ఆకలితో ఉన్నవాళ్లకు పంచిపెట్టమని 2010 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. గోదావరి మీద నీళ్లు నిలవ చేయటానికి ఎల్లంపల్లి కట్టారు, మానేరు మీద మధ్యమానేరు కట్టారు. మేడిగడ్డ కట్టారు, దాని పిల్లర్లు 2023 అక్టోబరులో కుంగాయి కూడా. ఆ నీళ్లతో పండే గింజను ఎక్కడ నిలవ చేయాలన్నది ఆ నీళ్లు పారించిన నాడే వేసుకోవలసిన లెక్క.

ఆదిలాబాద్‌లో పత్తి కథ ఇంకో తీరు. పత్తికి బరువు తక్కువ, చోటు ఎక్కువ. జిన్నింగులో నొక్కి 170 కిలోల బేలు చేస్తే తప్ప అది లొంగదు. రేటు వస్తుందేమోనని ఎదురుచూసే రైతు ఇంట్లోనే పోసుకుంటాడు. ఉన్నది రెండు అర్రలు. ఒకటి నిండా పత్తి, ఇంకో దాంట్లో పిల్లలు. కొన్నాళ్లు పోతే పత్తిలో పుట్టే పురుగుతో ఒళ్లంతా దద్దుర్లు, రాత్రంతా గోకుడు. పొయ్యి నిప్పురవ్వ పడితే ఇల్లే పోతుంది. తేమ 8 శాతం దాటితే కోత, 12 దాటితే వాపసు. ఇల్లే గోదామైన రైతుకు కిరాయి ఎవరిస్తారు?

అదే జిల్లాలో కోలాములు వెదురు అల్లికలో చెయ్యి తిరిగినవాళ్లు. గోండు గూడేల్లో వాళ్ల తడకలూ బుట్టలూ లేని ఇల్లుండదు. కాని అడవిలో వెదురు కొడితే కేసు. కాగజ్‌నగర్ కాగితం మిల్లుకు మాత్రం ఎన్నో ఏళ్లు లారీల కొద్దీ వెదురు పోయింది. వెదురు ఆదివాసుల హక్కయిన అటవీ ఫలసాయమని 2006 చట్టం చెప్పినాక గాని మాట మారలేదు. చట్టం మారినా నాకా దగ్గర మాట మారటానికి ఇంకా టైము పట్టేటట్టుంది. మేదరుల, కోలాముల అల్లిక ఆగిపోయిన చోట గుమ్మి ఆగిపోయింది, ప్లాస్టిక్ డ్రమ్ము వచ్చింది.

ఇక మిషన్ల ముచ్చట. పంజాబులోని మోగాలో, హర్యానాలోని కైతాల్‌లో 2007 నుంచి రెండేసి లక్షల టన్నుల ఉక్కు సైలోలు నడుస్తున్నాయి. కట్టింది అదానీ కంపెనీ. 2000 సంవత్సరపు కేంద్ర విధానం కింద వచ్చినవి. అక్కడ గోధుమను సంచి లేకుండా ట్రాలీతో తెచ్చి కుమ్మరిస్తారు. తూకం, శుభ్రం, ఎత్తుడు, నిలవ అన్నీ మిషన్. రైల్లో కూడా విడిగానే పోసి దక్షిణాదికి పంపుతారు. రైతుకు రోజుల తరబడి మండీలో పడిగాపులు లేవు, ఇది నిజం, దాచవలసిన పని లేదు. హమాలీకి అక్కడ పని కూడా లేదు, ఇదీ నిజం. 2020లో రైతులు ఆ మోగా సైలో ముందే ధర్నాకు కూర్చున్నారు. ఈనాడు ఆహార సంస్థ గింజకు కిరాయి తీసుకునేవాడు రేపు తన సొంత గింజతో సైలో నింపితే, ఆ తర్వాత రేటు ఎవరు చెప్తారన్నది వాళ్ల భయం. గరిసె ముందు గంప పట్టుకొని నిలబడ్డ మన పెద్దల భయమే అది.

ఇది మనదేశపు పేచీ మాత్రమే కాదు. 1842లో అమెరికాలో బఫెలో రేవులో డార్ట్ అనే వ్యాపారి మొదటిసారి ఆవిరి యంత్రంతో ఓడలోంచి ధాన్యం తోడే గోదాము కట్టాడు. అప్పటిదాకా ఐరిష్ కూలీలు వీపు మీద మోసేవాళ్లు. కూలీల వీపుల కంటే చౌకైన యంత్రం లేదు, నష్టపోతావని తోటి వ్యాపారి ఆయనకు బుద్ధి చెప్పాడట. వీపులు చౌకగా ఉన్నంత కాలం మన దగ్గరా మిషన్ రాదు. వీపులు కూలి పెంచమని అడిగిన నాడు వస్తుంది. కెనడా మైదానాల్లో మరో తొవ్వ తొక్కారు. కంపెనీ గోదాముల తూకం మోసాలతో విసిగిన రైతులు 1911లో సస్కాచివాన్‌లో సహకార గోదాముల కంపెనీ పెట్టుకున్నారు. సైలో అదే, బెల్టు అదే, తాళంచెవి రైతుల దగ్గర.

మన సింగరేణిలో ఏం జరిగిందో మరువవద్దు. బొగ్గు తట్టలతో టబ్బుల్లో నింపిన ఫిల్లర్లు ఒక తరం. నడుములు విరిగిన ఉద్యోగమది, ఆ తట్ట మళ్లీ ఎత్తమని మేము ఎవరికీ చెప్పము. కాని మిషన్లు వచ్చినాక 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల చుట్టుపక్కలకు దిగారు. ఫిల్లరు కొడుకు ఇప్పుడు కాంట్రాక్టరు కింద ఉన్నాడు, లేదా వడ్ల సంచి మోస్తున్నాడు.

ఒక సంచి హమాలీని అడిగాము. వయసు నలభై, మెడ నరం పట్టేసి తల ఒక పక్కకే తిరుగుతుంది. “సైలో గట్టుండ్రి, మేం వద్దంటలేం. మా పోరగాండ్లను దాంట్ల బటన్ నొక్కే పనికి పెడుతరా, అది చెప్పుండ్రి ముందు” అన్నాడు. మిల్లుకు పోయే లారీ వచ్చింది, ఆయన కొక్కెం తీసుకొని లేచిపోయాడు.

ఊరికి కావలసింది మోగా అంత సైలో కాదు. నాలుగు వైపులా నీళ్లు జారే ఎత్తయిన గచ్చు, దాని మీద రేకుల కప్పు, నాలుగైదు ఊళ్లకు ఒక ఆరబెట్టే మిషన్, సంచికి అడుగున చెక్క తడకలు, గోడకు రెండడుగులు వదిలి నెట్టు, గాలి ఆడే సందు. సహకార సంఘానికి చోటుంటే, వడ్లు పెట్టినవాడికి రసీదూ, ఆ రసీదు మీద అప్పూ ఇచ్చే పద్ధతి. కౌలుదారు పేరు మీద కూడా ఆ రసీదు రావాలె, పట్టా చూపించమంటే మళ్లీ మొదటికే వస్తుంది. పొట్టు తగలబెట్టి ఆరబెట్టే మిషన్లు మన మిల్లుల్లోనే ఉన్నాయి, ఇంజనీర్లు ఎక్కడి నుంచో రానక్కరలేదు. హమాలీకి నెత్తి మోత తగ్గించే చిన్న బెల్టు ఎత్తుడు బండి ట్రాక్టర్ ఇంజనుతో నడుస్తుంది. దాన్ని హమాలీ సంఘం పేర కొనిపించి, సంచికింత అనే రేటు తగ్గకుండా ఒప్పందం రాయించుకోవాలె. రెండు ఊళ్లలో ఈ పద్దు మీద గ్రామసభలో తీర్మానాలు పెట్టాలని కార్యకర్తలు మాతో అన్నారు. గచ్చుకు తావు చూపించమంటే ఒక ఊళ్లో మాత్రం గడీ పక్కన ఖాళీ జాగా చూపించారు. అది ఎవరి పేరున ఉందో రికార్డు తీయవలసి ఉంది.

మేము బస్సెక్కే వేళకు ఉత్తరాన మబ్బు పట్టింది. రోడ్డు పొడుగునా మనుషులు పరదాలు లాగుతున్నారు. పరదా కొసలకు పెట్టడానికి రాళ్లు చాలక ఒక పిల్ల తన బడి సంచి తెచ్చి పెట్టింది.